నాది కాని బరువు

ఆ ఉదయం పడమట నుంచి నల్లటి మబ్బు ఒకటి లేచి, ఊరంతటికీ వాన తెస్తున్నట్టు ముందుకు వచ్చింది. గుంటూరు బజారులో మేడల మీద ఆరేసిన బట్టలు తీశారు. తోపుడు బండ్లకు పట్టాలు కప్పారు. గంట గడిచేసరికి ఆ మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా విరిగి తూర్పుకు జరిగిపోయింది. జనం మబ్బును తిట్టుకుంటూ పట్టాలు తీశారు. కొట్టులో గాజు బీరువాలోంచి నేనంతా చూస్తున్నాను. తిట్టిన వాళ్ళలో ఒక్కరూ నా వంక చూడలేదు. చూడనందుకు నాకు ఊరటగానే ఉంది.

నేను ఒక కరెంటు పెట్టెను. కంప్యూటర్ కొట్లలో నన్ను ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడ ప్లగ్గులోంచి వచ్చే రెండు వందల ముప్పై వోల్టుల కరెంటును మింగి, దాన్ని పన్నెండుగా, ఐదుగా, మూడు చిల్లరగా విడగొట్టి, కంప్యూటర్ లోపల ఎవరికెంత కావాలో అంత పంచడం నా పని. ఇంట్లో వంట చేసే మనిషి పని లాంటిదే. అన్నం సరిగ్గా ఉడికినన్ని రోజులూ ఆ మనిషి ఎవరికీ గుర్తు రాదు. మాడిన రోజున అందరికీ గుర్తొస్తుంది.

నేను పుట్టిన ఊరి పేరు చెప్పను. పెద్ద నగరం శివారున ఒక రేకుల షెడ్డు అనుకోండి చాలు. అక్కడ పదిమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని మమ్మల్ని తయారుచేసేవాళ్ళు. పాత కంప్యూటర్లలోంచి ఊడదీసిన భాగాలే మళ్ళీ మాలో చేరేవి. తీగలు సన్నవి. అన్ని భాగాల కోసమూ పలక మీద చిల్లులు పొడిచి ఉండేవి గాని, సగం చిల్లుల్లో ఏమీ పెట్టేవాళ్ళు కాదు. నా లోపల పళ్ళు రాలిన నోరులా ఉండేది.

మూత బిగించే ముందు మేస్త్రీ నన్ను అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూశాడు. "తేలిగ్గా ఉంది. ఇట్లా ఉంటే కొనరు" అన్నాడు. అరచేయంత ఇనుప ముక్క తెప్పించి, జిగురు పూసి నా కడుపులో అంటించాడు. పైన నల్ల టేపు చుట్టాడు. ఆ ముక్కకు ఒక్క తీగ కూడా కలపలేదు. కరెంటుతో దానికి ఏ సంబంధమూ లేదు. తరువాత నా పక్కన స్టిక్కర్ వేశారు. "600 వాట్లు" అని బొటనవేలంత అంకెలు. వాటి కింద చీమ తలంత అక్షరాలతో ఒక పట్టిక. అందులో పన్నెండు వోల్టుల ఎదురుగా పద్నాలుగు ఆంపియర్లు అని ఉంది. ఆ పట్టిక ఎందుకు నిజం చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. ఎవరూ చదవరన్న ధైర్యం కావచ్చు.

ఆ షెడ్డు నుంచి లారీలో, లారీ నుంచి గుంటూరు కొట్టుకు వచ్చాను. మబ్బు మోసం చేసి వెళ్ళిన ఆ పూటే అక్కడికి కోటాచారి, హైమ వచ్చారు.

కోటాచారి వడ్రంగి. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. చలవ చొక్కా వేసుకున్నాడు గాని పంచె అంచున రంపపు పొట్టు అంటుకునే ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మొదట అది మర్యాద అనుకున్నాను. ఎడమచేయి ఒకసారి వదిలినప్పుడు కుడిచేయి వణకడం కనిపించింది. హైమ ఆయన కోడలు. పాతికేళ్ళు దాటిన పిల్ల. నోటుపుస్తకంలోంచి చింపి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఆమె చేతిలో ఉంది.

"ఐదు వందల యాభై వాట్లది చూపించండి. పన్నెండు వోల్టుల లైను మీద నలభై ఆంపియర్లకు తగ్గకూడదు" అని అడిగింది హైమ.

కొట్టాయన కోటాచారి వంక తిరిగి, "ఏం పని మీదికి బాబాయ్?" అన్నాడు.

"తలుపుల మీద పూలూ తీగెలూ చెక్కే మిషను మాది. దాని కంప్యూటరు బొమ్మ తిప్పేటప్పుడు ఆగి ఆగి పోతంది. మా అమ్మాయి బొమ్మలు చూపించే కొత్త కార్డు తెచ్చింది. దానికి కరెంటు చాలదంట" అన్నాడు కోటాచారి. కోడల్ని ఆయన అమ్మాయి అనే అంటాడు.

కొట్టాయన రెండు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిదరంగులో, ఏ సింగారమూ లేకుండా, ఐదు వందల యాభై అని రాసి ఉంది. రెండోది నేను. నాకు ఎర్ర ఫ్యాను, మెరిసే స్టిక్కరు.

హైమ ముందు బూడిదరంగు దాన్ని తిప్పి చదివింది. తరువాత నన్ను తిప్పింది. ఆమె గోరు నా చిన్న అక్షరాల మీదికి వచ్చి ఆగింది. అంతవరకూ అక్కడ ఎవరి వేలూ పడలేదు. జేబులో దాచుకున్నదాని మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది నాకు.

"మామయ్యా, పైన ఆరు వందలని ఉంది గాని ఇక్కడ చూడండి. పన్నెండు వోల్టుల దగ్గర పద్నాలుగు ఆంపియర్లే. పన్నెండు పద్నాలుగులు నూట అరవై ఎనిమిది. మన కార్డు ఒక్కటే నూట యాభై తాగిద్ది. ఇంక మిగతా కంప్యూటరుకి ఏం మిగిలిద్ది?"

"అవన్నీ కంపెనీ వాళ్ళు రాసుకునే రాతలమ్మా" అన్నాడు కొట్టాయన. "ఇది ఆరొందలు, అది ఐదొందల యాభై. ఏది పెద్దదో బడికి పోని వాడినడిగినా చెప్తాడు."

బల్ల దగ్గర నిలబడ్డ ఇద్దరు నవ్వారు. హైమ నవ్వలేదు. కాగితం మడత విప్పి మళ్ళీ మడిచింది.

"ఇటియ్యి" అన్నాడు కోటాచారి.

ఇక్కడ ఆయన పని గురించి ఒక మాట చెప్పాలి. టింబర్ డిపోలో దుంగల మీద ఎవరెన్ని గుర్తులు వేసినా ఆయన చూసేవాడు కాదట. చెక్కను ఒక కొస పట్టి లేపి, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఇందులో చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత అని చెప్పేవాడు. కోసి చూస్తే అంతే ఉండేదట. నలభై ఏళ్ళు అలాగే కొన్నాడు. ఇప్పుడు ఆ చెయ్యి ఉలి పట్టడం లేదు. రెండేళ్ళ కిందట వణుకు మొదలైంది. చెక్కను ఎత్తి చూడటం ఒక్కటే ఆ చేతికి మిగిలిన పని.

ఎడమచేత్తో బూడిదరంగు పెట్టెను ఎత్తాడు, దించాడు. కుడిచేత్తో నన్ను ఎత్తాడు. ఎత్తగానే ఆ చేతి వణుకు ఆగిపోయింది. నా కడుపులోని ఇనుము దాన్ని ఆపింది. కణుపుతో నన్ను తట్టాడు. ఇనుప ముక్క ఉన్న చోటే తగిలింది. చప్పుడు నిండుగా వచ్చింది.

"దీంట్లో సరుకుంది" అన్నాడు. "అది గుల్ల. రాతలదేముందమ్మాయ్, ఎవడన్నా రాస్తాడు. చేతికి తెలిసిద్ది."

"అదీ మాట! పనోడి చెయ్యి" అన్నాడు కొట్టాయన. ఆ మాట అంటూనే నా ధర పెంచి చెప్పాడు.

హైమ నలుగురిలో మామగారికి ఎదురు చెప్పకూడదని ఊరుకుందని కొట్టాయన అనుకొని ఉంటాడు. నాకు అలా అనిపించలేదు. ఆమె స్టిక్కరు వంక చూడటం మానేసి కోటాచారి చేతి వంక చూసింది. కదలకుండా ఉన్న చెయ్యి. ఆ చేతిని చూసుకుంటూ ఆయన ముఖంలో వచ్చిన వెలుగు. కాగితాన్ని సంచిలో పెట్టేసుకుని, "సరే మామయ్యా" అంది.

ఆ క్షణంలో నాకు నోరుంటే ఏం చేసేవాణ్ణో నిజంగా చెప్పలేను. నన్ను ఎవరో ఇష్టపడి కొనడం అదే మొదలు. సిగ్గుపడుతూనే సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది.

వాళ్ళ షెడ్డు నరసరావుపేట దారి పక్కన. ముందు సగంలో టేకు పలకలు, వెనక సగంలో మిషను. మిషను అంటే మంచమంత ఇనుప బల్ల. దాని మీద తిరిగే ఉలి లాంటి మొన. కంప్యూటర్లో గీసిన బొమ్మను చూసుకుని ఆ మొన చెక్కను తొలుచుకుంటూ పోతుంది. కోటాచారి కొడుకు నెలలో ఇరవై రోజులు హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు తలుపులు బిగిస్తూ అక్కడే ఉంటాడు. బొమ్మ గీసేదీ, మిషను నడిపేదీ హైమే.

కోటాచారి భార్య బంగారమ్మకు ఇది మొదటి నుంచీ గిట్టలేదు. షెడ్డు వెనకే ఇల్లు కావడంతో ఆమె మాటలు నాకు బాగానే వినిపించేవి.

"మా అత్త కాలం నుంచి ఈ కొట్టంలో మగోళ్ళు ఉలి పట్టుకుంటే ఆడోళ్ళు పొట్టు ఎత్తిపోశాం. ఇప్పుడు ఆ ముచ్చటా తీరింది. కోడలు పెట్టె ముందు కూర్చుంటే మావ టీ తెచ్చి ఇస్తన్నాడు."

"నా టీ నేను తెచ్చుకుంటన్నానే. తనకీ ఒకటి తెస్తన్నా" అనేవాడు కోటాచారి.

"తే, తే. రేపు పేరంటానిక్కూడా నువ్వే పో."

కొత్తగా వచ్చిన పని చర్చి తలుపు. పక్క ఊళ్ళో కట్టిన కొత్త చర్చికి రెండు రెక్కల సింహద్వారం. పాస్టర్ జీవరత్నం గారు స్వయంగా వచ్చి చెప్పారు. ద్రాక్షతీగ గడప దగ్గర మొదలై రెక్కల మీదుగా పాకి పైన కలవాలి, మధ్యలో గోధుమ కంకులు ఉండాలి. అంత పెద్ద బొమ్మ ఆ మిషను మీద ఎప్పుడూ చెక్కలేదు. కోటాచారి చేతులు బాగున్న రోజుల్లో అయితే మూడు నెలలు ఒంటరిగా కూర్చుని చెక్కేవాడు. ఇప్పుడు మిషను చెక్కాలి, లేకపోతే పని వదులుకోవాలి.

పని ఒప్పుకున్న రోజునే ఆయన ఇంట్లో అందరి ముందూ చెప్పేశాడు. "ఈ తలుపు కుదిరితే ఈ షెడ్డు హైమే చూసుకుంటది. ఎవరూ మాట్లాడొద్దు. కుదరకపోతే మిషను అమ్మేద్దాం. కంప్యూటరు కూడా. నేను ఇంకెవరి మాటా పడలేను."

అదీ సంగతి. ఆ పిల్ల ఆ బల్ల ముందు కూర్చోవాలో, ఇంట్లోకి వెళ్ళిపోవాలో తేల్చే పని అది. దాని కింద నన్ను పెట్టి స్క్రూలు బిగించారు.

పద్దెనిమిది రోజులు బాగానే గడిచాయి. బాగానే అంటే నేను బయటపడలేదు అని. కోటాచారి గోధుమరంగు కాగితాల మీద పెన్సిలుతో ఆకులు గీసి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్ళ కిందటివి కొన్ని, కొత్తగా గీసినవి కొన్ని. పాత కాగితాల మీద గీత నీళ్ళలా పారేది. కొత్తవాటి మీద గీత అంతా సన్నగా వణికి ఉండేది. హైమ వాటిని ఫోనుతో ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టుకుని, గీత వెంబడే మళ్ళీ గీసేది. వణుకు ఉన్నచోట నెమ్మదిగా సాపు చేసేది. ఆ సంగతి ఆయనకు చెప్పేది కాదు. తెర మీద చూసి ఆయన, "నా గీత ఇంకా బాగానే ఉందే" అనుకునేవాడు.

నన్ను ఆమె నమ్మలేదు. అది నాకు తెలుసు. టేబుల్ ఫ్యాను తెచ్చి నా వెనక పెట్టింది. గంటకొకసారి పెట్టె మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేది. తలుపు మొత్తాన్ని తెర మీద ఎప్పుడూ తెరవలేదు. ఒక ఆకు, ఒక గుత్తి, ఒక మూల, అంతే. కొత్త కార్డును తెచ్చుకుని కూడా దాని చేత పూర్తిగా పని చేయించలేదు. ఇల్లు కట్టుకుని వసారాలోనే కాపురం ఉన్నట్టు.

ఆమె చేసిన ఒక్క పొరపాటూ చెప్పాలి. రోజూ పనినంతా పెన్‌డ్రైవులోకి ఎత్తుకునేది. ఎనిమిదో రోజుకు అది నిండిపోయింది. కొత్తది కొనాలని అనుకుంటూనే ఉంది. నరసరావుపేటకు వెళ్ళే తీరిక దొరకలేదు. అప్పటినుంచి పనంతా కంప్యూటర్లోని హార్డ్ డిస్కులోనే ఉండిపోయింది.

పద్దెనిమిదో రోజు ఉదయం పదకొండు దాటాక బొమ్మ పూర్తయింది. కోటాచారి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అన్ని రోజుల్లో ఆయన ఎప్పుడూ ఏదీ చూపించమని అడగలేదు. తెర పక్కగా పోతూ కనిపించినంత చూసి వెళ్ళేవాడు.

"అమ్మాయ్, తలుపంతా ఒక్కసారి కనపడిద్దా? ఎదురుగా నిలబెట్టి తిప్పి చూపిస్తావా?"

హైమ చెయ్యి మౌసు మీద ఆగింది. "ముక్కలు ముక్కలుగా చూపిస్తా మామయ్యా. మొత్తం ఒక్కసారే అంటే లోడు ఎక్కువ."

"అంత మంచి పెట్టె తెచ్చాం గదా" అన్నాడు ఆయన. ఎంతో నమ్మకంగా అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "సరే. ఒక్కసారే" అని నొక్కింది.

కార్డు ఒక్కసారిగా అడిగింది. నేను ఇచ్చాను. ఇంకా అడిగింది. ఉన్నదంతా ఇచ్చాను. తెర మీద తలుపు లేచి నిలబడింది. గడప దగ్గర తీగ మొదలైంది, రెక్కల మీదుగా పాకింది, ఒక్కొక్క ఆకూ పైకి లేచి నీడ వేసింది. తలుపు నెమ్మదిగా పక్కకు తిరిగింది. కాగితం మీద చదునుగా గీసినవన్నీ ఎత్తూ లోతూ తెచ్చుకుని వచ్చాయి. కోటాచారి నోరు తెరిచి ఏదో అనబోయాడు.

అప్పుడు నేను పగిలాను.

టపాకాయ పేలినట్టు చప్పుడు. తరువాత పొగ, కాలిన బంకవాసన. తెర నల్లబడింది. పగిలేటప్పుడు నేను మర్యాదగా కూడా పోలేదు. ఆపుకోలేని కరెంటును అడ్డదిడ్డంగా తీగల్లోకి వదిలాను. మదర్‌బోర్డు తట్టుకుంది. కార్డు తట్టుకుంది. హార్డ్ డిస్కు తట్టుకోలేదు. పది రోజుల తీగలు, ఆకులు, కంకులు దాంతోపాటే పోయాయి. చర్చి ప్రతిష్ఠకు ఇంకా పదకొండు రోజులుంది.

హైమ ముందు ప్లగ్గు పీకింది. తరువాత కింద కూర్చుంది. కోటాచారి నిలబడే ఉన్నాడు.

వాసనకు బంగారమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, తగలబెట్టేసిందా? పద్దెనిమిది రోజులు కళ్ళు పోయేటట్టు కూర్చుని చివరికి ఇదా? నేను చెబుతానే ఉన్నా. ఏవయ్యా, ఏం చేసిందంట?"

ఇక్కడ ఒక మాట రావాల్సింది. నేనూ ఎదురుచూశాను. హైమ తల వంచుకుని ఉంది. కోటాచారి పైన రేకుల వంక చూశాడు. "మిషన్లంటే ఇంతే" అన్నాడు. అని బయటికి వెళ్ళిపోయాడు.

అబద్ధం కాదది. పూర్తి నిజమూ కాదు. పెద్ద అంకెలకూ చిన్న అక్షరాలకూ మధ్య ఉన్న మాట. అలాంటి మాటలు నాకు బాగా తెలుసు.

సాయంత్రం ఫోన్లు నడిచాయి. కొడుకు హైదరాబాదు నుంచి, "సరే నాన్నా, అమ్మేద్దాం, మనకెందుకీ గొడవ" అన్నాడు. చిలకలూరిపేట నుంచి ఒకాయన మర్నాడు పొద్దున వచ్చి మిషను చూసుకుంటానన్నాడు. "రమ్మను" అన్నాడు కోటాచారి. హైమ ఆ మాట విన్నది. లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది. బియ్యం కడిగే నీళ్ళ చప్పుడు నేను చాలాసేపు విన్నాను.

మర్నాడు తెల్లవారగానే కోటాచారి ఒక్కడే షెడ్డులోకి వచ్చాడు. స్క్రూడ్రైవరు తీసుకుని నన్ను కంప్యూటర్లోంచి ఊడదీశాడు. ఎందుకు ఊడదీశాడో నాకు తెలుసు. తన పెట్టె మంచిదేనని రుజువు చూసుకోవడానికి. కార్డుది తప్పేమో, ఊరి కరెంటుది తప్పేమో అని ఆయనకొక ఆశ. చెయ్యి వణకడం వల్ల ఒక్కొక్క స్క్రూకీ మూడు నాలుగుసార్లు గురి తప్పాడు. చివరికి నా మూత వచ్చింది.

ఖాళీ చిల్లులు చూశాడు. సన్నని తీగలు చూశాడు. ఆయనకు కరెంటు పని తెలియదు గాని, ఉండాల్సిన చోట లేకపోవడం అంటే తెలుసు. తరువాత నల్ల టేపు కనిపించింది. గోరుతో గీకాడు. టేపు లేచింది. ఇనుము తగిలింది. ఉలి మొన పెట్టి మెల్లగా తొలిచాడు. ముక్క ఊడి ఆయన అరచేతిలో పడింది.

ఆ అరచేతిలో అది చాలాసేపు ఉంది. ఎత్తి చూశాడు, దించాడు. నన్ను ఎత్తి చూశాడు. ఇప్పుడు నేను ఆ బూడిదరంగు పెట్టె బరువులో సగం కూడా లేను. ఆయన చేతిలో నేను వణికాను. ఆయన వణుకే అది.

నన్ను చేసినవాడి మీద ఆయనకు కోపం రాలేదు. వస్తే నాకు తేలికగా ఉండేది. కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, అది తనది కాదన్నట్టు. ఆ చూపుకు నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఎవరెవరినో మోసం చేసే పెట్టెలు లోకంలో చాలా ఉన్నాయి. నేను ఒక మనిషిని ఆయన చేతితోనే మోసం చేశాను. ఆ చేతికి మిగిలిన ఒక్క పనినీ నేనే తీసేశాను.

షెడ్డు వెనక పాడుబడ్డ బావి ఒకటి ఉంది. ఆయన ఇనుప ముక్క పట్టుకుని ఆ వైపు నాలుగడుగులు వేశాడు. తలుపు సందులోంచి చూస్తున్నాను. విసిరేస్తే ఇక ఎవరికీ తెలియదు. మిషన్లంటే ఇంతే అన్న మాట నిలబడిపోతుంది. హైమ ఇంట్లోకి వెళ్ళిపోతుంది, మిషను వెళ్ళిపోతుంది. చేతి పరువు మాత్రం మిగులుతుంది. ఆయన బావి గట్టు మీద కూర్చున్నాడు. ఎండ గట్టు మీదికి వచ్చేదాకా కూర్చున్నాడు. ఆయన లేచేసరికి రోడ్డు మీద పాస్టర్ గారి బండి ఆగింది.

జీవరత్నం గారు హెల్మెట్టు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు. "ఆచారి గారూ, ఏదో కాలిందని విన్నాను. తలుపు సంగతి కనుక్కుపోదామని వచ్చాను" అన్నారు.

బంగారమ్మ మంచినీళ్ళు తెచ్చింది. హైమ గుమ్మం పక్కన నిలబడింది. బంగారమ్మే అందుకుంది. "ఏం చెప్పమంటారు అయ్యగారూ. పిల్లది తెలియక ఏదో నొక్కింది, అంతా పోయింది. చిన్నతనం. మీరు ఏమీ అనుకోకండి, పని ఇంకెవరికన్నా..."

"నొక్కమన్నది నేను" అన్నాడు కోటాచారి.

బావి వైపు నుంచి వస్తూనే అన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి ఇనుప ముక్కను దాని మీద పెట్టాడు. బల్ల దద్దరిల్లింది. నన్ను తీసి దాని పక్కన పెట్టాడు, మూత లేకుండా.

"ఏందిది?" అన్నారు పాస్టర్ గారు.

"కరెంటు పెట్టె అయ్యగారూ. ఇది దాని కడుపులో అంటించారు, బరువు కోసం. ఇది వద్దని ఈ అమ్మాయి కొట్టులోనే చెప్పింది. కాగితం మీద లెక్క కట్టి చెప్పింది. దాని మీదున్న చిన్నచ్చరాలు చదివి చూపించింది. నేను విన్లా. ఎత్తి చూసి, బరువుంది గదా అని కొన్నా. చెక్కను కొన్నట్టు కొన్నా." ఒకసారి ఆగాడు. "నిన్న మా ఆడది ఈ పిల్లని అంటా ఉంటే కూడా నోరు తెరవలా. తప్పు నాది. రెండు తప్పులూ నావే."

ఆయన నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి రావడం నేను చూడటం అదే మొదలు. చెప్పడం అయ్యాక ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బంగారమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇనుప ముక్కా?" అంది, చాలా చిన్నగా. వంగి నన్ను చూసింది. అందరూ చూశారు. ఖాళీ చిల్లులన్నీ వెలుగులో కనిపిస్తున్నాయి. మూత ఉంటే కప్పుకునేవాణ్ణి.

"నాకు ఆ రోజే తెలుసు మామయ్యా" అంది హైమ. "మీ చెయ్యి కుదురుగా ఉంది, చూస్తా నిలబడ్డా. ఇంకొక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయా. నాదీ తప్పే."

"నీది గాదు."

"కొంచెం నాదే."

జీవరత్నం గారు హెల్మెట్టు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "సరే, సరే. తప్పులు పంచుకోవడం మా దగ్గర ఆదివారం పెట్టుకుందాం" అన్నారు. "ఇప్పుడు తలుపు మాట చెప్పండి. ఇంకా పది రోజులుంది. అందకపోతే తాత్కాలికంగా ఒక రేకు తలుపు పెట్టుకుని ప్రతిష్ఠ చేసుకుంటాం. పాటలకు తలుపుతో పని లేదు. కానీ పని వేరేవాళ్ళకివ్వమంటారా, మీరే చేస్తారా?"

కోటాచారి కోడలి వంక చూశాడు. మాట ఆమెదేనన్నట్టు చూశాడు.

"ఎనిమిదో రోజు దాకా చేసింది పెన్‌డ్రైవులో ఉంది" అంది హైమ. "కాగితాలన్నీ ఉన్నాయి. నాలుగు రోజుల్లో మళ్ళీ గీస్తాను. చెక్కడానికి మిషనుకు ఐదు రోజులు చాలు. చేస్తాం అయ్యగారూ."

"అయితే సరే" అని ఆయన బండెక్కి వెళ్ళిపోయారు. చిలకలూరిపేట ఆయనకు కోటాచారి ఫోను చేసి, "మిషను అమ్మట్లేదయ్యా. రావొద్దు" అని పెట్టేశాడు. అవతల ఆయన ఎందుకని అడిగినట్టున్నాడు. జవాబు చెప్పడానికి ఈయన ఆగలేదు.

హైమ ఒక్కతే బస్సెక్కి గుంటూరు వెళ్ళింది. మధ్యాహ్నం రెండున్నరకు తిరిగొచ్చింది. సంచిలో హార్డ్ డిస్కూ, కొత్త పెన్‌డ్రైవూ, నేను ఆ రోజు పక్కనే చూసిన బూడిదరంగు పెట్టె లాంటిదే ఒకటీ ఉన్నాయి. దాని ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆమె ఆ పెట్టెను కోటాచారికి అందించింది. ఆయన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"పట్టుకోండి మామయ్యా. మీరు పట్టుకుంటే గదా నేను స్క్రూ బిగించేది."

ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. ఎత్తి చూడలేదు. ఆమె వంగి ఒక్కొక్క స్క్రూ బిగిస్తుంటే ఆయన చేతుల వణుక్కి పెట్టె కొంచెం కొంచెం కదిలింది. కదిలినప్పుడల్లా ఆమె ఆగింది. ఆగి మళ్ళీ తిప్పింది. తొందరపెట్టలేదు. నాలుగు స్క్రూలకు చాలాసేపు పట్టింది. మీట నొక్కితే తెర వెలిగింది. దాని ఫ్యాను చప్పుడు కూడా వినిపించలేదు. పని తెలిసినవాళ్ళు అంత నెమ్మదిగా ఉంటారని నాకు అప్పుడు తెలిసింది.

అప్పటికి ముగ్గురిలో ఎవరూ అన్నం తినలేదు. బంగారమ్మ గిన్నెలు షెడ్డులోకే తెచ్చింది. ఆ ఇంట్లో మగవాళ్ళు తిన్నాక గాని ఆడవాళ్ళ కంచాలు పడవు. ఆవేళ ఆమె పొట్టు ఒక పక్కకు ఊడ్చి, చాప పరిచి, మూడు కంచాలు ఒకే వరుసలో పెట్టింది. కోటాచారి కూర్చున్నాడు గాని చెయ్యి కడుక్కుని అలాగే ఆగాడు. హైమ కూర్చునేదాకా ఆగాడు. బంగారమ్మ ముందు హైమ కంచంలో అన్నం పెట్టింది. దోసకాయ పప్పు వేసింది. నెయ్యి గిన్నె ఎత్తి, ఒక చెంచా వేసి, కాసేపు నిలబడి, ఇంకో చెంచా వేసింది. హైమ వద్దనలేదు. తరువాత భర్తకు పెట్టింది, తనకు పెట్టుకుంది. ముగ్గురూ వంచిన తల ఎత్తకుండా తిన్నారు. పప్పు అయ్యాక చారు, చారు అయ్యాక మజ్జిగ.